చూసినవాళ్ల వాటా ఎంత?

ద్యూతసభ కథ విన్న ప్రతి ఒక్కరికీ వచ్చే డౌటు ఒకటుంది. భీష్ముడంతటివాడు ఎందుకు ఊరుకున్నాడు? ఈసారి ఆ ప్రశ్నని హస్తినాపురంలో వదిలేయకుండా ఏడో తరగతి బీ సెక్షన్‌కి తీసుకెళ్దాం.

ఒక పిల్లాడికి నత్తి. అటెండెన్స్‌లో 'ప్రెజెంట్ మేడమ్' అనడానికి వాడు పడే అవస్థని వెనక బెంచీలోంచి ఒకడు ఇమిటేట్ చేస్తాడు. క్లాసంతా నవ్వుతుంది. మేడమ్ కూడా నవ్వు ఆపుకుంటూ 'సైలెన్స్' అంటుంది. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. దసరా సెలవుల నాటికి వాడి అసలు పేరు ఎవరూ పిలవరు. కళ్లజోడుంటే సోడాబుడ్డి, లావుగా ఉంటే డ్రమ్ము. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి హైదరాబాద్ స్కూల్లో చేరితే వాడి యాసే వాడికి పేరైపోతుంది. పైగా ఇప్పుడు లాంగ్ బెల్ కొట్టినా ఆగదు. వాట్సాప్ గ్రూపులో స్టిక్కరై ఇంటిదాకా వస్తుంది.

అడిగితే అందరిదీ ఒకటే మాట, 'సరదాకే కదా'. 1970ల నుంచి దీన్ని స్టడీ చేసిన డాన్ ఓల్వేయస్ అనే సైకాలజిస్టు మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. ఇద్దరు కొట్టుకుని సాయంత్రం కలిసి క్రికెట్ ఆడితే అది గొడవ. రోజూ ఒకడే పడుతూ, తిరిగి ఒక్క మాట అనే ధైర్యం వాడికి లేకపోతే దానికి సరదా అనే పేరు అతకదు.

సరే, తప్పెవరిది? వెనక బెంచీ వాడిది అంటాం. మహాభారతం సభాపర్వంలో విదురుడు వేసిన లెక్క వేరేగా ఉంటుంది. ద్రౌపది అడిగిన ప్రశ్నకి సభలో ఎవరూ జవాబు చెప్పనప్పుడు ఆయన లేచి, కశ్యపుడు ప్రహ్లాదుడికి చెప్పిన ధర్మం ఒకటి గుర్తుచేస్తాడు. సభలో తప్పు జరిగి, దాన్ని ఎవరూ తప్పు అనకపోతే ఆ పాపంలో సగం సభకి పెద్దగా కూర్చున్నవాడిది. పావు వంతు చేసినవాడిది. మిగతా పావు నోరు మూసుకుని చూసినవాళ్లది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఈ లెక్క తేడాగా అనిపించింది. చేసినవాడికి పావేనా? పెద్దాయనకి సగమా? కానీ ఆ మాట అక్కడితో అయిపోలేదు. తప్పుని తప్పు అని సభ గట్టిగా అంటే పెద్దకీ, సభ్యులకీ పాపం అంటదు, మొత్తం చేసినవాడి మీదికే పోతుంది అంటాడు. అంటే మన మౌనంతో వాడి బరువు మనం మోసిపెడుతున్నాం. వాడి భుజం తేలికైంది కాబట్టే రేపు మళ్లీ చేయగలుగుతాడు. (మా ఐటీ వాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. ప్రొడక్షన్ పడిపోతే కోడ్ ఎవరు రాశారు అన్నదానితో ఆగం. రివ్యూ ఎవరు చేశారు, అలర్ట్ మోగుతుంటే ఎవరు మ్యూట్ చేశారు అని కూడా అడుగుతాం.)

పెద్దకి సగం అనేది మన చట్టంలోనూ కనిపిస్తుంది. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని ఆ నేరానికి ప్రోత్సాహం ఇచ్చినవాడిగానే లెక్కిస్తారు. 'మా స్కూల్లో అలాంటివి ఉండవండి' అని నవ్వుతూ చెప్పే ప్రిన్సిపాల్‌ని చూస్తే నాకు ధృతరాష్ట్రుడే గుర్తొస్తాడు.

ఇక చూసేవాళ్ల పావు. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లో చూపించింది ఇదే. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు మాత్రమే కాదు, క్లాసులో ఇంకా చాలా పాత్రలు ఉంటాయి. చేతులు కలిపేవాళ్లు, నవ్వి ఊపు ఇచ్చేవాళ్లు, తల పక్కకి తిప్పుకునేవాళ్లు, బాధపడేవాడి వైపు నిలబడేవాళ్లు. తుర్కు యూనివర్సిటీలో తయారైన కివా కార్యక్రమం 2009 నుంచి అక్కడి స్కూళ్లలో పెద్ద ఎత్తున నడిచింది. అది ముఖ్యంగా పట్టుకున్నది చూసేవాళ్లనే. నవ్వు ఆగితే వెనక బెంచీ వాడికి స్టేజీ పోతుంది.

కానీ పన్నెండేళ్ల పిల్లలకి భీష్ముడి వాటా అంటగట్టడం న్యాయమేనా? నాకైతే కాదనిపిస్తుంది. భీష్ముడి చేతిలో విల్లు ఉంది, అధికారం ఉంది. పిల్లలకి ఉన్నది భయం. నోరు విప్పితే రేపు తన వంతు వస్తుందని వాళ్లకి తెలుసు. అది ఉత్తి భయమూ కాదు. ఆ సభలో దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి ఇది అన్యాయం అన్నాడు. వెంటనే కర్ణుడు 'చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు' అన్నట్టు కూర్చోబెట్టాడు. కాబట్టి పిల్లల్ని హీరోలు కమ్మని నేను అడగను. నవ్వకుండా ఉండటం, లంచ్‌లో వెళ్లి వాడి పక్కన కూర్చోవడం, ఇంటికొచ్చి ఒక పెద్దవాళ్లకి చెప్పడం. ఇవి వాళ్ల చేతిలో ఉన్నవే. చెప్పాక మాత్రం ఆ బరువు మనది.

ఇక్కడే మన ఇళ్లలో ఒక మాట వాడతాం, అది నాకు అస్సలు నచ్చదు. 'పట్టించుకోకు నాన్నా, ప్రహ్లాదుడు ఎంత భరించాడు, దేవుడే చూసుకుంటాడు.' చండామార్కుల బడి, ఏనుగులు, పాములు, కొండ మీంచి తోయించడం, 1967 సినిమా పుణ్యమా అని మనందరికీ కళ్లముందే ఉంటాయి. నిజమే, ఆ పసివాడు భరించాడు. అది ఆయన భక్తిలోంచి ఆయనే తెచ్చుకున్న బలం. పక్కన సోఫాలో కూర్చుని ఇంకొకరి పిల్లాడికి ఆర్డర్ వేసేది కాదు.

అదే ప్రహ్లాదుడు పెద్దయ్యాక ఏం చేశాడో మనం పెద్దగా చెప్పుకోం. విదురుడు సభలో చెప్పిన కథ అదే. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ ఎవరు గొప్ప అని పంతం. ప్రాణాలే పందెం. తీర్పు చెప్పమని వచ్చింది ప్రహ్లాదుడి దగ్గరికే. కన్నకొడుకు ప్రాణం కదా, ఆయనకీ వణుకు పుట్టింది. వెళ్లి కశ్యపుణ్ని అడిగాడు, అప్పుడు విన్నదే ఆ సగం, పావు, పావు లెక్క. తిరిగొచ్చి కొడుకు మొహం మీదే 'సుధన్వుడే నీకంటే శ్రేష్ఠుడు' అన్నాడు. ఆ నిజాయితీకి మెచ్చి సుధన్వుడే విరోచనుడి ప్రాణం తిరిగిచ్చాడు. అంటే చిన్నప్పుడు అన్నీ భరించిన మనిషి, తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నాక ఎదుటివాణ్ని భరించమనలేదు.

స్కూలు నుంచి ఫోన్ వస్తే 'మావాడు అలాంటివాడు కాదండి' అనే తల్లిదండ్రులు ఈ కథ ఒకసారి వినాలి. ఏడిపించే పిల్లాడికీ ఇంట్లో ఏదో దెబ్బ తగిలి ఉండొచ్చు, వాడినీ అడగాలి, వినాలి. కానీ ముందు చేసింది తప్పని వాడికి సొంతవాళ్ల నోటి నుంచే వినబడాలి.

మనలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు. కానీ ఎవరికో ఒకరికి బాబాయో, పిన్నో, మావయ్యో, అత్తో అయ్యే ఉంటాం. పండక్కి కలిసినప్పుడు మార్కులు ఎన్ని అని కాకుండా 'మీ క్లాసులో ఎవరి పక్కన ఎవరూ కూర్చోరు?' అని అడిగి చూడండి. నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా అంటే లేదు అనేస్తారు. ఈ ప్రశ్నకి మాత్రం పేరుతో సహా చెప్తారు. కాసేపాగి ఆ పేరు తమదే అని చెప్పేవాళ్లూ ఉంటారు. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినండి, తేదీలతో రాసుకోండి, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయనివ్వకండి, స్కూలుకి నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇప్పించండి. స్కూలు కదలకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. పిల్లలు కూడా నేరుగా చేయొచ్చు.