అబద్ధమాడి బతకమనొచ్చా?

ఎన్నడూ అబద్ధం ఆడనివాళ్ళు చెయ్యెత్తండి అంటే, లేచిన మొదటి చెయ్యే అబద్ధమవుతుంది. ఆడపడుచు కట్టుకొచ్చిన చీర కళ్ళకి గుచ్చుకుంటున్నా "ఎంత బావుందో వదినా!" అంటాం. పెళ్ళివారింట్లో సాంబారు నీళ్ళలా ఉన్నా "అమృతంలా ఉందండీ" అంటాం. చందా కోసం వచ్చినవాళ్ళకి "ఆయన ఇంట్లో లేరండీ" అని చెబుతూంటే వెనకగదిలోంచి ఆయనగారి దగ్గు వినిపిస్తుంది. ఇవన్నీ సంసారం కిర్రుమనకుండా వేసే నూనె చుక్కల్లాంటివి. వీటికి కూడా పాపం లెక్కగడితే స్వర్గంలో అన్నీ ఖాళీ ఇళ్ళే!

వీటికంటే పెద్ద అబద్ధాలున్నాయి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆడేవి. వాటికి మన పెద్దలే వెసులుబాటు ఇచ్చారు. వామనుడికి మూడడుగుల నేల ఇస్తానన్న బలిచక్రవర్తిని శుక్రాచార్యుడు పక్కకి పిలిచి, ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు మాట తప్పినా దోషం లేదు నాయనా అని హితవు చెప్పాడు. బలి వినలేదు. అది ఆయన గొప్పతనం. వినివుంటే మాత్రం తప్పుపట్టడానికి మనమెవరం?

కానీ ఈమధ్య నన్ను ఆలోచనలో పడేసిన ప్రశ్న ఇది కాదు. ప్రాణం కాపాడుకోడానికి అబద్ధం ఆడవచ్చా అన్నది పాతప్రశ్నే. "వెళ్ళు, అబద్ధమాడి ప్రాణం కాపాడుకో" అని ఇంకొకరు ఆజ్ఞాపించవచ్చా అన్నదే అసలు చిక్కు. ఈ చిక్కు 2012లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది.

కథ మొదలైంది జింబాబ్వేలో. 2008లో అక్కడ ఎన్నికలు జరిగాయి. మొదటి విడతలో అధ్యక్షుడు ముగాబే వెనకబడ్డాడు. రెండో విడత జరిగేలోగా ఆయన పార్టీ జాను పి.ఎఫ్. తాలూకు మూకలు జనం మీద పడ్డాయి. ఎదటి పార్టీవాళ్ళనే కొట్టారనుకోకండి. తమవాడని రుజువు చూపించలేని ప్రతివాడూ వాళ్ళకి శత్రువే. దారికాచి పార్టీ కార్డు చూపించమనేవారు. పార్టీ ప్రచారానికి కట్టిన కొత్తపాటలు పాడమనేవారు. కార్డు లేక, పాట రాక నీళ్ళు నమిలినవాడి గతి ఏమిటో వేరే చెప్పాలా?

ఆ దేశం నించి బ్రిటన్ చేరి శరణు కోరినవాళ్ళలో రాజకీయాలంటే బొత్తిగా పట్టనివాళ్ళూ ఉన్నారు. ఏ జెండా మోసినవాళ్ళు కారు, ఏ ఊరేగింపులోనూ నడిచినవాళ్ళు కారు. ప్రభుత్వం వాళ్ళ దరఖాస్తులు కొట్టేసి తిప్పి పంపుతామంది. వాళ్ళు అప్పీళ్ళకి వెళ్ళారు. మన కోర్టుల్లాగే అక్కడా మెట్ల వరస. ముందు ట్రిబ్యునలు, ఆపైన అప్పీలు కోర్టు, అన్నిటికీ పైన సుప్రీంకోర్టు. ఒక్కో మెట్టూ ఎక్కేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. అన్నాళ్ళూ మనిషి అక్కడివాడూ కాదు, ఇక్కడివాడూ కాదు.

ప్రభుత్వం వాదన తీసిపారేయదగ్గది కాదు. "ఈ మనిషికి ఏ పార్టీ మీదా అభిమానం లేదు. మరి దారిలో ఆపినవాళ్ళతో 'నేనూ మీవాణ్ణే' అంటే ఏం పోయింది? చంపుకోవడానికి అసలు నమ్మకమంటూ ఉంటేగా!" పైకి సబబుగానే ఉంది. ఒక్క పాటతో బతికిపోయేవాడికి పరాయిదేశం నీడ దేనికి అనిపిస్తుంది.

అయితే శరణు కోరి వచ్చినవాణ్ణి ఎలా ప్రశ్నిస్తారో చూడండి. ఏ రోజు బయల్దేరావు, ఎవరు కొట్టారు, ఎందరు కొట్టారు అంటూ గుచ్చిగుచ్చి అడుగుతారు. మొదట చెప్పినదానికీ తరవాత చెప్పినదానికీ పొంతన కుదరకపోతే, నమ్మదగ్గవాడు కాదంటారు. ఎన్నో దరఖాస్తులు ఆ ఒక్కమాటతో మట్టికొట్టుకుపోతాయి. అంటే, మా గడపలో ఒక్క అబద్ధమాడినా పంపేస్తాం, పంపాక నీ గడపలో రోజూ అబద్ధమాడుతూ బతుకు! ఇదేం నీతి?

ఇలాంటి పేచీ 2010లోనే ఆ సుప్రీంకోర్టుకి వచ్చింది. ఇరాన్ నించి ఒకరు, కామెరూన్ నించి ఒకరు. ఇద్దరూ మగవాళ్ళే, మగవాళ్ళనే ప్రేమించేవాళ్ళు. మీ దేశంలో గుట్టుగా బతకవచ్చు, ఎవరికీ తెలియకపోతే ఎవరూ ఏమీ చెయ్యరు అన్నది వాళ్ళకి ఎదురైన జవాబు. సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పులో ఆన్ ఫ్రాంక్ ప్రస్తావన కూడా వస్తుంది. నాజీలకి భయపడి ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ళపాటు చాటుగదుల్లో దాక్కున్న పిల్ల. "ఆ గదిలో క్షేమంగానే ఉన్నావుగా, నీకింకా శరణెందుకమ్మా?" అని ఆ పిల్లని అడగగలమా? దాక్కోవలసి రావడమే కదా ఆపదకి సాక్ష్యం!

అలాగని దాచుకున్నవాళ్ళందరికీ తలుపు తియ్యమనలేదు కోర్టు. మొహమాటానికో, ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారనో గుట్టుగా ఉండేవాడు వేరు. ప్రాణభయంతో గుట్టుగా ఉండేవాడు వేరు. దాస్తాడా లేదా అని కాదు, ఎందుకు దాస్తాడని అడగాలంది. 2012లో జింబాబ్వే వాళ్ళ విషయంలోనూ అదే సూత్రం నిలబెట్టింది. ఒక నమ్మకం కలిగి ఉండే హక్కు ఎంతటిదో, ఏ నమ్మకమూ లేకుండా ఉండే హక్కూ అంతటిదేనంది. పైగా పాట పాడినంత మాత్రాన ఆ మూక నమ్ముతుందని పూచీ ఎవరిస్తారు? గొంతు వణికిందా, అబద్ధం ప్రాణం నిలపదు, తీస్తుంది.

ఎక్కడో బ్రిటన్ కోర్టు గొడవ మనకెందుకంటారా? "గుట్టుగా సర్దుకుపో" అన్నమాట వినని తెలుగిల్లు ఏదో చెప్పండి! ఒంటిమీద వాతలతో పుట్టింటికొచ్చిన పిల్లకి మనం మొదట చెప్పేది ఆ మాటే. "ఎదురుచెప్పకు తల్లీ, అతనికి నచ్చినట్టు మసులుకో, అప్పుడేమీ అనడు." ఆ పిల్ల తన లెక్కలేవో చూసుకుని తనంతట తను ఓర్చుకుంటే అది ఆమె ఓర్పు. మంచో చెడో, ఆమె ఇష్టం. గడియ చేతిలో పట్టుకున్న తండ్రి అదే ఓర్పుని ఆమెకి నిర్ణయించి పంపితే దాన్ని ఓర్పనకూడదు. తలుపు వేశాడనాలి.

రాజ్యానికీ ఇబ్బందులున్నాయి, కాదనను. ఇల్లన్నాక తలుపుండాలి, వచ్చినవాళ్ళెవరో చూసుకోవాలి. చెప్పిన ఆపద నిజం కాదని తేలితే తిప్పి పంపవచ్చు. కానీ ఆపద ఉందని ఒప్పుకుని, దాన్ని నీ నటనతో నువ్వే తప్పించుకో అనడం ఏం న్యాయం?

శుక్రాచార్యుడూ ఆ సలహాయే ఇచ్చాడుగా అంటారేమో. ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు. శిష్యుడు వినకపోతే కమండలం కొమ్ములో దూరి ధారకి అడ్డుపడ్డాడు. వామనుడు దర్భతో పొడిస్తే కన్ను పోగొట్టుకున్నాడు. ఆ సలహా ఇచ్చే హక్కు ఆయనకుంది. అవతలివాడి ఆపదలో తనూ నిలబడినవాడు కనక. బల్లకి ఇవతల కూర్చుని, దస్త్రం మీద సంతకం చేసి, "అబద్ధమాడి బతుకు, పో" అనేవాళ్ళు ఏ కన్ను పణం పెడుతున్నట్టు?