అమ్మిన అన్నము

వండిన యన్నమును విక్రయింపరాదని ధర్మశాస్త్రములు బ్రాహ్మణునకు విధించిన నిషేధము వెనుక, ఆకలిగొన్నవాని యవసరమునకు వెల కట్టరాదను భావము గలదని నేను చాలకాలముగా నమ్ముచున్నాను. అయినను, వెల పుచ్చుకొనియు ఆకలిని గౌరవింపవచ్చునా యను ప్రశ్న, న్యూయార్కు సముద్రతీరమున, కోనీ ఐలండులో, ఒక యూదు కుటుంబము నడపిన హాట్‌డాగ్ దుకాణపు చరిత్ర తెలిసినది మొదలు నన్ను విడువకున్నది.

తూర్పు ఐరోపాలోని గెలీషియాలో చెప్పులు కుట్టు తండ్రికి 13 మంది సంతానములో నొకడుగా 1892లో జన్మించి, ఆకలి నెరిగిన బాల్యముతో 1912లో అమెరికా చేరిన నేథన్ హాండ్వెర్కర్, కోనీ ఐలండులోని ఫెల్ట్‌మన్ అను భోజనశాలలో రొట్టెలు కోయు పనికి కుదిరెను. అచట హాట్‌డాగ్ వెల 10 సెంట్లు. కూడబెట్టిన 300 డాలర్లతో 1916లో సొంత దుకాణము తెరచి, ఆయన దానినే 5 సెంట్లకు అమ్మెను. ఇంత చవుకగా నిచ్చు మాంసము మంచిదేనా యని జనము శంకింపగా, వైద్యులవలె తెల్లకోట్లు తొడిగిన వారిని దుకాణము ముందు నిలిపి తినిపించెనని చెప్పుదురు. అది నిజమైనచో ఆయన సత్యము తప్పెననియే నా తలంపు. కాని తక్కువ వెలకు మేలైన తిండి దొరకునను నమ్మకమే బీదవానికి లేకుండ జేసిన లోకము తప్పు అంతకన్న పెద్దది.

ఆ హాట్‌డాగ్ నడుమ నుంచు సాసేజి గోమాంసముతో చేసినది. ఆ మాట వినగానే మనలో ననేకుల మనస్సు వెనుదీయును. దానిని నేను తప్పుపట్టను. నేథన్ తన మతమువారి ఆహారనియమములనైనను పూర్ణముగా పాటింపలేదు. అయితే శుద్ధిని వస్తువునందే వెదకవలెనా, అది ఎవరి చేతి కందుచున్నదో చూడవలదా? 1920 నాటికి నగరపు సబ్‌వే రైలు కోనీ ఐలండునకు చేరెను. 5 సెంట్లతో ప్రయాణము, మరి 5 సెంట్లతో ఆహారము. పెనముమీద పైపొర చిట్లిన సాసేజిని రొట్టె నడుమ నుంచి, ఆవముద్ద పూసి యందింపగా, సముద్రపు తడి యారని చేతితో నాణెమునిచ్చి, నిలువుకాళ్ళమీదనే తినుచున్న కూలివాడు నా మనోనేత్రమునకు కనబడును. ఆతడు ఎవరి దయకును చేయి చాపలేదు.

నేథన్ 1974లో గతించెను; 1987లో దుకాణము పరుల కమ్ముడువోయెను. కడుపునిండ తిని పెరిగిన సంతానమునకు తండ్రి యాకలి యెట్లు సంక్రమించును? మనుమడు లాయిడ్ మాత్రము, ముసలివారైన నాటి పనివారలను ఏండ్ల తరబడి వెదకి, వారిచే మాటలాడించి, తాతను గూర్చి యొక చిత్రము తీసెను.