పిలిచినప్పుడు చిలుక ఎందుకు రావలెను?



మా కుమార్తె ఇంటిలో ఒక కాకటీల్ పక్షి ఉన్నది. చిలుకల జాతిదే గాని మన పచ్చచిలుక కాదు. దాని పూర్వులది ఆస్ట్రేలియా దేశము. ఇది మాత్రము ఇక్కడనే పంజరములో పుట్టిన పిల్ల. తలపై కుచ్చు, బుగ్గలపై నారింజ రంగు మచ్చలు. మా మనుమరాలు దానికి చిన్ని అని పేరు పెట్టి, పిలువగానే ఎగిరి వచ్చి చేతిపై వాలుట నేర్పినది. ఈ చిన్న సంగతి ఎనుబది ఏండ్లు దాటిన నన్ను ఒక పెద్ద ప్రశ్నలోనికి దింపినది. పిలిచిన వెంటనే వచ్చినంత మాత్రాన, వచ్చినవారు మనలను నమ్మి వచ్చినట్లేనా?

నా బాల్యము కోలారు బంగారు గనులలో గడిచినది. అక్కడి బజారులో చిలుక జోస్యము చెప్పేవాడు కూర్చుండేవాడు. పంజరము తలుపు తీయగానే చిలుక వెలుపలికి వచ్చి, ముక్కుతో ఒక చీటీ లాగి ఇచ్చి, వడ్లగింజ తిని, తిరిగి తానే పంజరములోనికి వెళ్లిపోయేది. ఎంత విధేయత అని ఆశ్చర్యపడేవాడిని. అది ఎగిరి రాలేదు, నడచి వచ్చినది అను సంగతి అప్పుడు గమనించలేదు. దాని రెక్కల ఈకలు కత్తిరించి ఉండేవి. మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరములో పెంచుట నేడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అయితే చట్టము మాట అటుంచి చూచినను, పోలేని పక్షి వచ్చినదని మురిసిపోవుటలో అర్థమేమున్నది?

రెక్కలు కత్తిరించకుండ ఆకలితో రప్పించువారును ఉన్నారు. తిండి తగ్గించి, పక్షి బాగుగా ఆకలిగొన్న తరువాత గింజ చూపి పిలిచెదరు. అది వచ్చును, రాకపోతే బ్రతుకలేదు గనుక వచ్చును. ఇక్కడ కత్తెర లేదు గాని, పని అదే.

మా మనుమరాలు చేసినది వేరు. చిన్నికి దినమంతయు కావలసిన మేత పంజరములో ఉండేది. కొర్రకంకి అంటే దానికి ప్రాణము గనుక, దానిని మాత్రము నేర్పు సమయమునకు దాచి ఉంచేది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అద్దముపై గుడ్డ కప్పేది. గాజు పలకలు అడ్డమని తెలియక పక్షులు తలను కొట్టుకొనును. మొదట ఒక అడుగు వేస్తే అందునంత దగ్గరగా చేయి చాచి, ఒక్కసారి "చిన్నీ, రా" అనేది. వస్తే కంకి. తరువాత జానెడు దూరము, తరువాత మూరెడు, పిమ్మట గది ఆ చివర నుండి ఈ చివరకు. దినమునకు పది నిమిషములు మించనిచ్చేది కాదు. రాకపోతే వెంటపడి పట్టుకొనేది కాదు. "ఇష్టం లేదేమో తాతా, మళ్లీ అడుగుదాం" అనేది. రాకపోయినా మేతకు లోటు లేదు, శిక్ష లేదు. అయినను చిన్ని వచ్చేది.

ఒక దినము ఇంటిలో నేనొక్కడినే ఉన్నాను. బయటకు వెళ్లవలసి వచ్చినది. చిన్ని పరదా కొయ్యపై కూర్చున్నది. కంకి చూపి "చిన్నీ, రా" అన్నాను. వచ్చి వాలినది. ఒక్క గింజయైనను తిననీయకుండ గబాలున పట్టుకొని పంజరములో వేసి తలుపు మూసినాను. ఆ తరువాత మూడు వారములు అది నా చేతికి రాలేదు. ఎంత పిలిచినను తల ఒక ప్రక్కకు వంచి చూచేది, అంతే. సంగతి తెలిసి మనుమరాలు, "దాన్ని పిలిచి మోసం చేశావు తాతా. పట్టుకోవాలంటే పట్టుకో, కానీ పిలిచి పట్టుకోకూడదు" అన్నది.

ఆ మాట నన్ను 1994వ సంవత్సరమునకు తీసికొని పోయినది. మా కుమారుడు నాగపూరులో ఉద్యోగము చేయుచుండెను. పెండ్లిచూపులకు రమ్మంటే వాయిదా వేయుచున్నాడని, "తల్లి సీరియస్, వెంటనే బయలుదేరు" అని టెలిగ్రాము ఇచ్చినాను. ఆ రోజులలో అనేకులు చేసిన పనియే. రిజర్వేషను లేని పెట్టెలో నిలబడి వచ్చినాడు. గడప దాటగానే వంటింటిలో తల్లి నవ్వుచు కనబడినది. వాడు ఏమియు అనలేదు. మరునాడు తిరిగి వెళ్లిపోయినాడు.

2003లో నా భార్యకు పక్షవాతము వచ్చినది. ఫోను చేసినాను. "నిజమేనా నాన్నా?" అన్నాడు. నిజమనియే చెప్పినాను. అయినను ఒక దినము ఆగి, ఇరుగుపొరుగు వారిని విచారించి బయలుదేరినాడు. వచ్చునప్పటికి ఆమెకు మాట పడిపోయినది. ఆ ఒక్క దినమును గూర్చి నేను కుమారుని ఎన్నడును తప్పుపట్టలేదు. అది నా టెలిగ్రాము మ్రింగిన దినము.

పిలుపు అనగా వాగ్దానము. "వస్తే నీకు మేలే గాని కీడు జరుగదు" అని చెప్పకయే చెప్పుట. పక్షిని ఇంటిలో ఉంచుకొనుటయే న్యాయమా అని ఎవరైనను అడిగితే నా యొద్ద పూర్తి జవాబు లేదు. పంజరములో పుట్టిన ఈ పక్షిని బయట విడిచితే అది బ్రతుకుట కష్టము. ఆకాశమును ఇవ్వలేని వారము, గదిలోనైనను "రాను" అను స్వేచ్ఛను ఇవ్వవలెను. ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడే దాని రాకకు విలువ.

మన పిల్లలు నేడు దూరదేశములలో ఉన్నారు. పండుగకు రమ్మంటాము, చూడవలెనని ఉన్నదంటాము. కోపముండి పిలిస్తే కోపమున్నదని చెప్పుదము. పని ఉండి పిలిస్తే పని ఉన్నదని చెప్పుదము. మా కుమారుడు ఇప్పుడు ప్రతి ఆదివారము సాయంత్రము ఫోను చేయును. నాకు నలతగా ఉంటే నలత అనియే చెప్పుదును, బాగుంటే బాగున్నాననియే చెప్పుదును. రమ్మని చివరిసారి అడిగినప్పుడు వాడు "నిజమేనా" అని అడుగలేదు. చిన్ని కూడ తిరిగి నా చేతికి వచ్చుచున్నది. అయితే మనుమరాలి యొద్దకు వెళ్లినంత త్వరగా కాదు.