మేఘము నిలిచిన దినములు



ధ్యాన భాగము: సంఖ్యాకాండము 9వ అధ్యాయము, 15 నుండి 23 వచనములు.

ఈ భాగమును మనము సాధారణముగా ప్రయాణమును గూర్చి బోధించుటకు వాడుదుము. మేఘము లేచినది, ఇశ్రాయేలీయులు కదిలిరి అని చెప్పుదుము. అయితే శ్రద్ధగా చదివినయెడల, అందులో కదలుటను గూర్చి ఎంత ఉన్నదో నిలుచుటను గూర్చియు అంతే ఉన్నది. మేఘము ఒక్క రాత్రి నిలిచిన చోట్లున్నవి. నెల, అంతకు మించి నిలిచిన చోట్లును ఉన్నవి. ఎందుకు నిలిచినదో అక్కడ వివరింపబడలేదు. నిలిచినంత కాలము ప్రజలు దిగిన చోటనే ఉండి, తమకు అప్పగింపబడిన పని చేసిరని మాత్రము ఉన్నది. సొంత ఊరు విడిచి బ్రతుకు వెదకుకొనుచు వచ్చిన మన కుటుంబములకు ఈ నిలుపు తెలియనిది కాదు.

ఈ వాక్యమును ఈసారి ఒక ప్రత్యేక అవసరము నిమిత్తము మీ ముందు ఉంచుచున్నాము. అధిక బరువుతోను, షుగరుతోను, మోకాళ్ల నొప్పులతోను బాధపడి, బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లి కడుపును చిన్నదిగా చేయు ఆపరేషను చేయించుకొనువారు నేడు మన మధ్యను ఉన్నారు. డాక్టర్లు దీనిని బేరియాట్రిక్ సర్జరీ అందురు. మొదటి వారములలో బరువు వేగముగా తగ్గును; ఇంటిల్లిపాదియు స్తోత్రము చెల్లింతురు. తరువాత ఒక దినమున కాటా ముల్లు ఆగిపోవును. వారము గడచును, నెల గడచును, ముల్లు కదలదు.

అప్పుడు రెండు శోధనలు వచ్చును. దేవుడు చెయ్యి తీసివేసెను, ఆపరేషను వ్యర్థమాయెను అను నిరాశ మొదటిది. ఇరువది యొక్క దినములు నీళ్లతో మాత్రమే ఉపవాసముండి ముల్లును కదిలించెదను అను తీర్మానము రెండవది. ఈ రెండవది భక్తివలె కనబడును గనుక దానియందే అపాయము ఎక్కువ.

మొదట నిరాశను గూర్చి. ముల్లు ఆగుటకు కారణములున్నవి. ఆరంభములో పోవు బరువులో కొంత భాగము కొవ్వు కాదు. కాలేయములోను కండరములలోను నిలువయున్న గ్లైకోజెన్, దానితో కూడియున్న నీరు పోవును. ఒక గ్రాము గ్లైకోజెన్‌ను అంటి సుమారు మూడు గ్రాముల నీరుండును. అది పోయిన తరువాత తగ్గుదల నెమ్మదించును. చాలమందికి మొదటి నెల రెండు నెలలలోనే ఇది కనబడును. మరియు 110 కిలోల శరీరమునకు కావలసినంత శక్తి 90 కిలోల శరీరమునకు అక్కరలేదు. పైగా ఆహారము తగ్గినదని గ్రహించిన శరీరము తన ఖర్చును ఇంకను తగ్గించుకొనును. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులకు నెలల తరబడి సగము తిండి పెట్టి పరిశీలించినప్పుడు ఈ సంగతి స్పష్టమాయెను. యుద్ధములో ఆయుధము పట్టమని చెప్పి, ఆకలిగొన్నవారికి మేలు కలుగవలెనని ఆ పరీక్షకు తమ్మును అప్పగించుకొన్న ఆ యువకులలో అనేకులు క్రైస్తవ విశ్వాసులే.

కాబట్టి ముల్లు ఆగుట శిక్ష కాదు, శరీరము తన్ను కాపాడుకొను రీతి. మన సీమలో శెనక్కాయ వేసిన రైతు దీనిని ఎరుగును. పూత వచ్చి ఊడలు దిగు దినములలో చేను పైకి పెరుగుచున్నట్లు కనబడదు. అయినను ఆ దినములలో అతడు గుంటక తోలి మట్టిని కదపడు. కదిపినయెడల ఊడలు తెగి కాయ నష్టమగును. మనమును నడుము కొలత, షుగరు, రక్తపోటు, మెట్లెక్కునప్పటి ఆయాసము చూడవలెను. ముల్లు ఆగిన దినములలో ఇవి మెరుగగుచుండవచ్చును.

ఇక ఉపవాసమును గూర్చి స్పష్టముగా చెప్పుచున్నాము. ఆపరేషను అయినవారు డాక్టరు అనుమతి లేక దీర్ఘ ఉపవాసము చేయరాదు. కడుపు చిన్నదైనది గనుక వారికి రోజుకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు చేరుటయే కష్టము. అది తగ్గినయెడల కొవ్వుతోపాటు కండరము కరుగును. విటమిన్ బి1 కొద్ది వారములలోనే తరిగిపోయి నరములకును మెదడుకును హాని కలుగవచ్చును. ఆగని వాంతులు, కాళ్ల తిమ్మిరి, చూపు రెండుగా కనబడుట, తడబడు నడక, మతిమరుపు వచ్చినయెడల ప్రార్థన కూడిక ముగియువరకు ఆగక ఆసుపత్రికి తీసికొని పోవలెను. యాయీరు కుమార్తెను లేపిన మన ప్రభువు వెంటనే ఆమెకు భోజనము పెట్టుమని ఆజ్ఞాపించెను. స్వస్థపరచినవాడే తినుమనుచుండగా మనము వద్దనరాదు. ఉపవాసము దేవుని వెదకుటకే గాని ముల్లును బెదరించుటకు కాదు. అట్టివారు టీవీని, ఫోనును మానుకొని ఆ గడియలు ప్రార్థనకు ఇయ్యవచ్చును.

అయితే నిలిచిన దినములలో చేయవలసిన పని లేదా? ఉన్నది. పళ్లెములో మొదట గ్రుడ్డు, పప్పు, పెరుగు, చేప లేక కోడిమాంసము తినవలెను, సంగటి తరువాత. భోజనముతో నీళ్లు కలుపక, దినమంతయు గుటక గుటకగా త్రాగవలెను. తీపి టీ, పండ్ల రసము, మాటల మధ్య నోటిలో వేసికొను మిక్చరు తెలియకుండ లెక్కకు వచ్చును. వాటిని వ్రాసి చూచుకొనవలెను. నడక, కొద్దిపాటి బరువులెత్తు వ్యాయామము, నిద్ర విడువరాదు. బి12, ఇనుము, కాల్షియము, విటమిన్ డి జీవితకాలపు మందులు. కాటా వారమునకు ఒక్కసారి చాలును. నెలల తరబడి ఆగినయెడల డాక్టరును చూడవలెను. కొన్ని మందులును బరువు పెంచును, నేడు సెమాగ్లుటైడ్ వంటి మందులును ఉన్నవి. ఏది మానవలెనో ఏది వాడవలెనో నిర్ణయించువాడు ఆయనే.

సాధారణముగా ఒకటి రెండు సంవత్సరములలో బరువు తన కనిష్ఠమునకు చేరి అక్కడ నిలుచును. తరువాత కొంత తిరిగి వచ్చును. స్వీడన్ దేశములో 1987లో ఆరంభమైన గొప్ప పరిశోధన ఫలితములు 2007లో వెలువడెను. గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవారు మొదటి రెండేండ్లలో సగటున 32 శాతము తగ్గి, పదియేండ్లకు 25 శాతము తగ్గుదలతో ఉండిరి. కొంత తిరిగి వచ్చినను, ఆపరేషను చేయించుకొన్నవారిలో మరణములు తక్కువగా నుండెను. గమ్యము ఒక అంకె కాదు, ఆయుష్షును ఆరోగ్యమును.

చివరిగా సంఘమునకు ఒక మాట. విశ్వాసముంటే కోత ఎందుకని ఎవరును అనవద్దు. పౌలు వెంట నున్న లూకా వైద్యుడే. గుడి వాకిట ఎన్ని కిలోలు తగ్గితివని అడుగవద్దు. ప్రేమ విందులో బలవంతముగా వడ్డింపవద్దు. సగము గరిటెతో చాలించిన సహోదరి మీ వంటను చిన్నబుచ్చలేదు. బస్సు చార్జీకి, మాత్రలకు డబ్బు లేక పరీక్షలకు పోవుట మానుకొనువారు ఉందురు. డీకనులు, స్త్రీల సమాజము వారు వారి చేతికి సాయమిచ్చి, బెంగళూరు వరకు తోడు వెళ్లవలెను. గుడారములు దిగినప్పుడు ఒక్క కుటుంబము దిగలేదు, సమాజమంతయు దిగెను.

ప్రియులారా, మేఘము కదిలిన దినమున నడిపించినవాడే అది నిలిచిన దినమునను గుడారముపై నుండెను. ముల్లు ఆగిన ఇంటిలోను ఆయన ఉన్నాడు. రేపటి ఉదయము మాత్ర వేసికొని, గ్రుడ్డు తిని, చల్లపొద్దున నడచి రండి. ప్రభువు మీ ఇండ్లకు ఓర్పును బలమును అనుగ్రహించును గాక. ఆమేన్.