మాట తక్కువైతే తప్పు లేదు



చలికాలం పొద్దున్నే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పోయి చూడండి. రెండు పక్కలా పులికాట్ నీళ్లు, దూరంగా ఫ్లెమింగోలు, గట్టున పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలు. వాళ్లను తీసే కుర్రాళ్లలో మన పేటల పిల్లలూ ఉన్నారు. వాళ్లలో ఒకడు నన్నడిగాడు: "అన్నా, నాకు నలుగురిలో నోరు లేవదు. కస్టమర్లను నవ్వించాలంట, పొగడాలంట. ఇంటికొచ్చేసరికి ఎవరి మొహమో తగిలించుకొని తిరిగినట్టుంటాది. ఈ పని నాకు సరిపడదా?"

మీలోనూ ఇలాంటివాళ్లు ఉంటారని ఇక్కడ రాస్తున్నాను.

భిక్షువులు ఒకచోట కూడితే ధమ్మం మాట్లాడమన్నాడు బుద్ధుడు, లేదా ఆర్యమౌనం పాటించమన్నాడు. కబుర్లతో మెప్పించమనలేదు. పెళ్లికూతురి చెయ్యి వణకడం, తండ్రి పక్కకు పోయి కళ్లు తుడుచుకోవడం ఊరకుండేవాడికే కనపడతాయి. కాబట్టి కస్టమర్‌కి ముందే చెప్పేయండి: "నేను పెద్దగా మాట్లాడను, చూస్తుంటాను." అది చాలు. నటించే పని లేదు.

అయితే ఆ కుర్రాడు తర్వాత ఇంకో మాట చెప్పాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు అమ్మాయిని ఫోటోల్లో తెల్లగా చేయమన్నారట. ఇతను మారుమాట లేకుండా చేసిచ్చాడు. ఆల్బం చూసి ఆ పిల్ల "ఇది నేనేనా?" అందట. అప్పుడూ నోరు మెదపలేదు.

ఇది ఆర్యమౌనం కాదు. అబద్ధం నోటితోనే ఆడాలని లేదు, కంప్యూటర్‌తోనూ ఆడొచ్చు. నలుపన్నందుకు మన తల్లులు ఎన్ని మాటలు పడ్డారో మనకు తెలీదా? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధం ఆడను అన్నది కూడా ఉంది. బుద్ధుడు కొడుకు రాహులుణ్ణి అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు పిల్లవాడు. అట్లాగే ఏ పనైనా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకో, ఎవరికైనా హాని ఉందా అని. అశోకుడు బైరాట్ శాసనంలో అందరూ వినాలని పేరుపెట్టి చెప్పిన ఉపదేశాల్లో ఇదొకటి. (చాలా కెమెరాల లోపలా ఉండేది అద్దమే.)

నిజమైన, మేలు చేసే మాట ఎదుటివాడికి నచ్చకపోయినా తగిన సమయం చూసి చెప్పాలని అభయ రాజకుమారుడికి చెప్పాడు బుద్ధుడు. ఫోటోగ్రాఫర్‌కి ఆ సమయం అడ్వాన్సు తీసుకునే రోజు. "రంగు మార్చను. ఫ్లెమింగోల మీదికి డ్రోన్ పంపి లేపను, అవి మేత మీద ఉంటాయి." రెండే మాటలు.

ఆర్డరు పోతే? పోవచ్చు. అప్పుచేసి కెమెరా కొన్నవాడికి అది చిన్న సంగతి కాదు. అందుకే మన ఇళ్ల పెళ్లిళ్లు ఇలాంటి పిల్లలకు ఇవ్వండి, డబ్బులు నిలబెట్టుకోకుండా ఇవ్వండి.

అసలు ఫోటోలు అతని దగ్గర ఇంకా ఉన్నాయట. ప్రింట్లు వేయించి ఆ పిల్లకు ఇచ్చి రమ్మన్నాను. "ఏం చెప్పాలన్నా?" అన్నాడు. చేసిన పని చెప్పు అన్నాను. చాలాసేపు తల దించుకొని కూర్చున్నాడు. ఆదివారం పోతానన్నాడు.