అడిగినవాడి కలం, చెప్పినవాడి మాట

రాజులకు వంశవృక్షాలుంటాయి. భూస్వాములకు దస్తావేజులుంటాయి. కూలివాడికి ఏముంటుంది? ఈ ప్రశ్న మన గూడేలకే పరిమితం అనుకుంటాం. కాని ఒకప్పుడు మనల్ని పాలించిన ఇంగ్లండులో కూడా పొలాల్లో, గనుల్లో, మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్ల మునిమనవలు ఇవాళ ఇదే ప్రశ్న వేసుకుంటున్నారు. తమ పూర్వీకుల జాడ కోసం పాత కాగితాలు తిరగేస్తున్నారు. వాళ్లకు దొరుకుతున్నదేమిటి? దాన్ని ఎలా చదవాలి? ఇందులో మనకూ పనికొచ్చే ధర్మసందేహం ఒకటుంది. పాలించేవాడి కోసం రాసిన కాగితంలో, పాలితుడైన మనిషిని న్యాయంగా చూడగలమా?

ముందు ఆ కాగితాలేమిటో చూద్దాం. 1538లో, ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో, ప్రతి చర్చీ తన పరిధిలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని ఆజ్ఞ వచ్చింది. 1837 జూలై 1 నుంచి జనన, వివాహ, మరణాలను ప్రభుత్వమే నమోదు చేయసాగింది. జనాభా లెక్కలు 1801లో మొదలైనా, దేశమంతటా మనుషుల పేర్లతో సహా రాసి భద్రపరచడం 1841తోనే మొదలైంది. ఈ మూడూ దొరికితే ఒక కూలివాడు ఎప్పుడు పుట్టాడో, ఎవరిని పెళ్లాడాడో, ఎప్పుడు పోయాడో తెలుస్తుంది. ఎలా బతికాడో మాత్రం తెలియదు. అది తెలిసేది అతను కష్టంలో పడి అధికారి కంటపడ్డ చోటే.

1662 నాటి చట్టం ప్రకారం పేదవాడికి సాయం చేసే బాధ్యత అతని సొంత పారిష్‌ది. పారిష్ అంటే ఒక చర్చీ కింద ఉండే ఊరి పరిధి. పరాయి ఊళ్లో పని పోయి, జబ్బు చేసి, సాయం కోసం చెయ్యి చాచే పరిస్థితి వస్తే అతన్ని న్యాయాధికారుల ముందు నిలబెట్టి, ప్రమాణం చేయించి అడిగేవారు. ఎక్కడ పుట్టావు? ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నావు? నిండా ఏడాది చేశావా? జీతమెంత? పెళ్లికాని మనిషి ఏడాది కొలువుకు కుదిరి, దాన్ని పూర్తిచేస్తే ఆ ఊరు అతని సొంత ఊరయ్యేది. అందుకే కొందరు యజమానులు ఏడాదికి కొద్ది రోజులు తక్కువగా కుదుర్చుకునేవారు. జవాబులను బట్టి అతన్ని ఉండనిచ్చేవారు, లేదా పెళ్లాంబిడ్డలతో సహా పంపేసేవారు.

ఆ రోజు ఆ మనిషికి అది తలవంపు. ఇవాళ అతని వారసులకు అది పెన్నిధి. ఎందుకంటే ఒక కూలివాడి కథ అతని నోటి నుంచి వచ్చిన చోటు అదొక్కటే కావచ్చు. అయినా ఆ కథలో అడిగినంతే ఉంది. అతను ఏ పాట పాడేవాడో, ఏ బిడ్డను పోగొట్టుకుని ఏడ్చాడో ఎవరూ అడగలేదు కనుక అందులో లేదు. ప్రతి రికార్డూ ఒక జవాబు. ఆ ప్రశ్న వేసినవాడు మాత్రం వేరొకడు. పూర్వీకుణ్ణి వెతికేవాడు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

అడిగినవాడికి అక్కర్లేనిది కాగితం మీద వంకరపోతుంది. 1841 లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు గుణకానికి తగ్గించి రాయమన్నారు. ముప్పై ఎనిమిదేళ్లవాడు ముప్పై అయిదేళ్లవాడయ్యాడు. బడిలో చేర్చేటప్పుడు అందరికీ జూన్ నెల పుట్టినరోజు వేసిన తరాలవాళ్లం, మనకిది వింత కాదు. కూలికి వెళ్లే పెళ్లయిన ఆడవాళ్ల పేరు పక్కన వృత్తి గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. పెళ్లి రిజిస్టరులో సంతకం చోట అడ్డగీత గుర్తు కనిపిస్తే, పాపం చదువురానివాడని తేల్చేస్తాం. కాని ఆ కాలంలో పేదపిల్లలకు ముందు చదవడం నేర్పి, ఆ తర్వాతే రాయడం నేర్పేవారు. రాయడం దాకా రాకముందే పనికి పోయినవాళ్లెందరో. గుర్తు పెట్టిన చేయి గల మనిషి చదవగలిగి ఉండవచ్చు. ఖాళీని చూసి మనిషికి విలువ కట్టకూడదు.

1842లో బొగ్గుగనుల్లో పిల్లల పని మీద బ్రిటిష్ పార్లమెంటు ముందుకొక నివేదిక వచ్చింది. అందులో హాలిఫాక్స్ ప్రాంతపు పదిహేడేళ్ల పిల్ల పేషెన్స్ కెర్షా వాంగ్మూలం ఉంది. తండ్రి చనిపోయాడని, తాము పదిమంది పిల్లలమని చెప్పింది. ఉదయం అయిదింటికి గనిలోకి దిగి సాయంత్రం అయిదింటికి పైకి వస్తానంది. బొగ్గు తొట్లను తలతో నెట్టీ నెట్టీ నడినెత్తిన జుట్టు ఊడి బోడి అయిందని చెప్పింది. ఆదివారం బడికి వెళ్లినా చదవడం, రాయడం రాదంది. ఆ మాటల కిందనే విచారణాధికారి తన అభిప్రాయం రాశాడు. ఈ పిల్ల అజ్ఞాని, మురికిది, చింపిరిది అన్నాడు. అంతటితో ఆగలేదు. ఈమెను చూస్తే అమెరికా పచ్చికమైదానాల అనాగరికులు కూడా విస్తుపోతారని రాశాడు.

ఆ వాక్యం దగ్గర మనం ఆగాలి. ఒకే కలంపోటుతో అతను ఇద్దరిని అవమానించాడు. తన దేశపు కూలిపిల్లను కించపరచడానికి అతనికి దూరదేశపు ఆదివాసి కొలతగా కావలసివచ్చాడు. ఆ చూపు ఇక్కడికీ వచ్చింది. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవాళ్ల పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. వాళ్లను ఉంచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నడిపిన సాల్వేషన్ ఆర్మీ పుట్టింది లండన్ తూర్పు పేటల పేదల మధ్యే.

అయితే రెండు బాధలూ ఒకటేనని నేననడం లేదు. పేషెన్స్ లాంటివాళ్ల మాటలు అచ్చయిన ఏడాదే ఆడవాళ్లను, పదేళ్ల లోపు మగపిల్లలను గనిలోకి దింపకూడదని చట్టం వచ్చింది. దానివల్ల కూలి పోయిన ఆడవాళ్లూ ఉన్నారు కాని, ఆ కాగితం ఎంతోకొంత వాళ్ల పక్షాన పనిచేసింది. ఎరుకలవాళ్ల వేలిముద్రల రిజిస్టరు ఏనాడూ వాళ్ల పక్షాన నిలవలేదు. ఆ చట్టం రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. కలం ఒకటే అయినా దాని బరువు అందరి మీదా ఒక్కలా పడలేదు.

ఇక సిగ్గు సంగతి. 1788 నుంచి 1868 వరకు బ్రిటన్, ఐర్లండుల నుంచి సుమారు 1,60,000 మంది ఖైదీలను ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపారు. చాలా కుటుంబాలు ఆ సంగతిని తరాలపాటు దాచాయి. ఇప్పుడు వాళ్ల వారసులే గర్వంగా వెతుక్కుంటున్నారు. దాచడం మీద నాకు జాలి ఉంది. గర్వం మీద కొంచెం అనుమానం ఉంది. దొంగిలించినవాడు ఆకలితో ఉండవచ్చు, పోగొట్టుకున్నది ఇంకో పేద ఇల్లాలు కావచ్చు. పూర్వీకుణ్ణి కడిగి దేవుణ్ణి చేయనక్కర్లేదు. కోర్టు రాసిన ఒక్క రోజుతో అతని బతుకంతా కొలవనూ కూడదు.

ఈ కాగితాలు దొరలవి, మనకెందుకు అనేవాళ్లున్నారు. పారేస్తే పేషెన్స్ మాట కూడా పోతుంది. కాగితంలో ఉన్నదే నిజం అనేవాళ్లున్నారు. నమ్మేస్తే అధికారి తిట్టే ఆమె పేరవుతుంది. నాకు తోచిన దారి ఒకటే. రికార్డును తీర్పుగా కాక, ఒక సాక్షిగా చూడాలి. ఈ సాక్షిని ఎవరు పిలిచారు, ఏం అడిగారు, ఏం అడగలేదు అని ఎదురు ప్రశ్నించాలి. అలా ప్రశ్నిస్తే అవమానించడానికి రాసిన కాగితంలోంచి కూడా అవమానపడిన మనిషి గొంతు వినిపిస్తుంది.

కాగితం ఒక్కటే సాక్షి కాదని మన అటవీ హక్కుల చట్టం నియమాలు కూడా ఒప్పుకున్నాయి. పోడు భూమికి ఆధారంగా ఊరి పెద్దల మాటను రాతపూర్వకంగా నమోదు చేసి ఇవ్వవచ్చు. కాని ఆ మాట చెప్పగల పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. ఇంగ్లండు మునిమనవలకు ఇప్పుడు కాగితాలే దిక్కు. ఆ పాలేరును కూర్చోబెట్టి తమ సొంత ప్రశ్న అడగాలని ఉన్నా వాళ్లకు ఆ వీలు లేదు. మనకు ఇంకా ఉంది.

కనుక ఉపాధ్యాయులూ, యువతీ యువకులూ, ఒక నోటు పుస్తకం తీసుకుని మీ అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. అధికారి అడగనివి అడగండి. వాళ్లకు ఇష్టమైతేనే రాయండి, వద్దన్నది వదిలేయండి, వాళ్ల మాటను మీ మాటగా దిద్దకండి. మొదటి పేజీలో తేదీతోపాటు అడిగినవాళ్ల పేరు కూడా రాయండి. రేపు మన మనవలు ఆ పుస్తకాన్ని కూడా ఒక సాక్షిగా నిలబెట్టి ప్రశ్నించాలి కదా.