డబ్బా పట్టుకున్నవాడు కూడా కాపాడినట్టేనా?

మునిగిపోతున్న మనిషిని పైకి లాగినవాడిని అందరూ మెచ్చుకుంటాం. అతని పడవకి డబ్బు పోగుచేసినవాడి సంగతేమిటి?

బ్రిటన్‌లో రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థ 1824 నుంచి సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడుతోంది. పడవల్లో వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది వాలంటీర్లే. ఖర్చులో ఎక్కువ భాగం ప్రజల చందాలే. 1886లో 'మెక్సికో' అనే ఓడవాళ్ళని కాపాడబోయి 27 మంది లైఫ్‌బోట్ సిబ్బంది చనిపోయారు. వాళ్ళ కుటుంబాల బాధ చూసి చలించిన కొందరు 1891లో మాంచెస్టర్ వీధుల్లో చందాలు వసూలు చేశారు. మేడ మీదివాళ్ళు కూడా వెయ్యడానికి పొడవాటి కర్రలకు సంచులు కట్టారట. మాంచెస్టర్ సముద్రం ఒడ్డున లేదు. అయినా ఇచ్చారు!

"ప్రాణానికి తెగించడమెక్కడ, డబ్బా ఊపడమెక్కడ?" అని నా స్నేహితుడు అడిగాడు. నిజమే, ధైర్యంలో రెండూ సమానం కావు. కానీ ఇంజను, ఇంధనం లేకపోతే ఎంత ధైర్యవంతుడైనా ఒడ్డునే నిలబడాలి కదా.

ఇంకో మాట. మన కోసం చెయ్యి చాచాలంటే సిగ్గు. ఎన్నడూ చూడనివాళ్ళ కోసం చాచాలంటే ఆ సిగ్గుని దాటాలి. అది కూడా కష్టమే. పైగా తన డబ్బాలో పడ్డ నాణెం ఎవరిని బతికించిందో అతనికి ఎప్పటికీ తెలీదు, బతికినవాళ్ళకి అతను తెలీడు. మెప్పు రాదని తెలిసీ చేస్తాడు.

అందుకే ఉడతాభక్తి అని తేలిగ్గా తీసెయ్యకూడదు. నా దృష్టిలో ఇద్దరూ కాపాడినవాళ్ళే. ముందు దణ్ణం మాత్రం పడవెక్కినవాడికి!